కాటయ్య వంతెన దాటాడా?

చెప్పు తెగింది. ఆట అయిపోయింది.

హరీష్ ఫోన్ వంక చూస్తూ అలాగే కూర్చుండిపోయాడు. పదిహేను నెలలుగా ఆడుతున్న ఆట. పేరు 'మంచుకోట'. ఒక వార్తాహరుడు కొండ మీది కోటకు ఉత్తరం తీసుకుపోతుంటాడు. అతనికి తోడు కాటయ్య అనే ముసలి బండివాడు. దొంగల్ని, తోడేళ్లని తప్పించుకుని, వందల ఊళ్లు దాటి, చివరికి ఇద్దరూ ఒక చెక్కవంతెన దగ్గరికి చేరతారు. అవతల కోట. సరిగ్గా అక్కడ కాటయ్య చెప్పు తెగుతుంది. అతను ఒక రాతి మీద కూర్చుని, తెగిన చెప్పు చేతిలో పట్టుకుని, నువ్వు నడువు అన్నట్టు చెయ్యి ఊపుతాడు. వార్తాహరుడు వంతెన దాటి వెనక్కి తిరిగి చూస్తాడు. మంచు. తెర నల్లబడుతుంది. సమాప్తం.

అంతే. కోటలో ఎవరున్నారో చెప్పలేదు. ఉత్తరంలో ఏముందో చెప్పలేదు. కాటయ్య వెనకాల వచ్చాడో లేదో అసలే చెప్పలేదు.

ఇంకొకరైతే నాలుగు తిట్లు తిట్టి ఫోన్ పక్కన పడేసేవారు. హరీష్‌కు మాత్రం అది చేతకాలేదు. ఆ ఆట అయిపోతే, తమ్ముడితో అతనికి మిగిలిన ఒక్క దారీ మూసుకుపోయినట్టే.

గద్వాల అవతల, ధరూరు దగ్గరి ఒక ఊళ్లో హరీష్‌ది ఎకరన్నర సీడ్ పత్తి. విత్తనం కోసం వేసే పత్తి అది. ప్రతి కాయనూ చేత్తో పుట్టించాలి. సాయంత్రం నాలుగు దాటాక, తెల్లారి విచ్చుకోబోయే ఆడమొగ్గను ఒలిచి తొడిమకు ఎర్ర దారం కట్టాలి. మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి దాని మీద రుద్దాలి. ఆ పొద్దు తప్పిపోతే మొగ్గ రాలిపోతుంది. ఒకరు సాయంత్రం సగం పని చేస్తే, ఇంకొకరు పొద్దున మిగతా సగం చేయాలి. తండ్రి మద్దిలేటి బతికున్నప్పటి నుంచీ ఆ ఇంట్లో సాయంత్రం హరీష్‌ది, పొద్దున రాకేష్‌ది.

దారం విషయంలో మద్దిలేటి చాలా గట్టి మనిషి. "కట్టిన దారం కాయ పగిలేదాక కొమ్మకే ఉండాలె. దారం లేని కాయ మన కాయ గాదు" అనేవాడు. పదేళ్లప్పుడు రాకేష్ గాలిపటానికి తోక కడదామని నాలుగు దారాలు విప్పుకొచ్చాడు. ఆ రోజు తిన్న చెంపదెబ్బ గురించి పెద్దయ్యాక కూడా చెప్పుకుని నవ్వేవాడు.

మద్దిలేటి పోయిన మరుసటి ఏడు, పని జోరుగా ఉన్న అక్టోబర్‌లో, రాకేష్ వరసగా రెండు పొద్దులు చేనికి రాలేదు. స్నేహితుడి గదిలో ఈ 'మంచుకోట' ఆడీ ఆడీ నిద్రపోయాడు. రెండు సాయంత్రాల మొగ్గలు ఎర్ర దారాలతో సహా రాలిపోయాయి. హరీష్ తమ్ముణ్ని బజారు నడుమ నిలబెట్టి అందరూ వింటుండగా అన్నాడు: "నువ్వు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే."

తెల్లారేసరికి రాకేష్ లేడు. పనికి పోయే గుంపుతో పుణె బండి ఎక్కాడని మూడు రోజులకు తెలిసింది. అన్న ఫోన్ చేయలేదు. తమ్ముడూ చేయలేదు. ముందు ఎవరు చేయాలన్నది ఎప్పటికీ తేలలేదు.

మూడు వారాల తర్వాత ఒక సాయంత్రం, ఇంట్లో మాట్లాడే మనిషి లేక, హరీష్ తన ఫోన్‌లో ఆ ఆట తెరిచాడు. ఎప్పుడో రాకేషే ఎక్కించాడు. ఖాతా కూడా వాడిదే. ఒకే ఖాతా, రెండు ఫోన్లు. ఒకరు లోపలికి పోతే ఆట రెండోవారిని బయటికి నెట్టేస్తుంది. మొదటి తెర మీద ఒక చీటీ ఉంటుంది: వార్తాహరుడి పేరు, అతనున్న చోటు, పక్కన సంచి బొమ్మ. లోపలికి పోతే వార్తాహరుడు ఒక చింతచెట్టు కింద నిలబడి ఉన్నాడు. హరీష్ తడబడుతూ అతన్ని కాస్త దూరం నడిపించాడు. ఆటలో ప్రతి మజిలీ దగ్గరా దారి గుర్తుకని ఒక ఎర్రగుడ్డ ఇస్తారు. దాన్ని కొమ్మకు కట్టి ఆపేశాడు.

మర్నాడు సాయంత్రం తెరిస్తే వార్తాహరుడు రెండు ఊళ్ల అవతల ఉన్నాడు. కట్టిన గుడ్డ కట్టినచోటే ఉంది.

ఆ పూట హరీష్ రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

అప్పటి నుంచి సాయంత్రం అన్న, పొద్దున తమ్ముడు. మాట లేదు, పలుకు లేదు. పొద్దున తమ్ముడు ఎంత దూరం నడిచాడో చూసుకుని, వాడు బాగానే ఉన్నాడని అన్న అనుకోవడం, అంతే. ఇప్పుడు నడవడానికి దారి అయిపోయింది.

వనపర్తి వాళ్లు పెట్టిన 'మంచుకోట' వాట్సాప్ గుంపులో హరీష్ మొదటిసారి ఒక మాట రాశాడు: "చెప్పు తెగినంక ఇంకేమన్న ఉందా?"

తెగిన చెప్పు మీది కొట్లాటతో గుంపు అప్పటికే తగలబడుతోంది. అతని ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. గుంపు నడిపే సాయితేజ మాత్రం రాశాడు: "ఆదివారం మా షాపుకు రా అన్నా. తేల్చుకుందాం."

---

సాయితేజది వనపర్తి బస్టాండ్ దగ్గర మొబైల్ రిపేరు షాపు. హరీష్ వెళ్లేసరికి షట్టర్ సగం దించి ఉంది. లోపల విప్పిన ఫోన్ల మధ్య ముగ్గురు కొట్లాడుకుంటున్నారు. సాయితేజ ఒకడు. మెడికల్ షాపులో పనిచేసే అమూల్య ఒకతె, పెద్దమందడి నుంచి పొద్దున్నే వచ్చింది. మూడో మనిషి వెంకటన్న, నలభై ఐదేళ్ల స్కూల్ వ్యాన్ డ్రైవర్. పిల్లల్ని దించాక మళ్లీ ఎక్కించుకునేదాకా దొరికే టైంలో ఆటంతా ఆడేశాడు.

"మూడొందల గంటలు ఆడిపిచ్చి ఆఖరుకు చెప్పు తెంపుతడా? ఈ ఆట చేసినోని చెప్పు తెగ!" అంటున్నాడు సాయితేజ. "కాటయ్య సచ్చిండు. అయిపాయె. ముసలోడు, పైంగ మంచు. ఇంకేం బతుకుతడు?"

"చెప్పు తెగితే సస్తరా?" అంది అమూల్య. "మా తాత ఉన్నన్ని దినాలు ఉత్త కాళ్లతోనే తిరిగిండు. తొంభై ఏండ్లున్నడు."

"మరి ఎందుకు రాలే?"

"కుట్టుకుంటుండు."

"ఆ కొండ మీద ఎవలు కుట్టిస్తరమ్మా? నీ మెడికల్ షాపుల దొరుకుతదా దబ్బనం?"

అందరూ నవ్వారు. వెంకటన్న నవ్వలేదు. టీ గ్లాసు కింద పెట్టి అన్నాడు: "మీ ఇద్దరికి తెల్వది. చెప్పు తెగలే. కాటయ్యనే తెంపుకున్నడు."

"ఎందుకు పెద్దన్నా?"

"కోట దాక పోతే పని అయిపోతది. పని అయిపోతే తోడు అయిపోతది. దాటినంక ఎవని దారి వానిది. గందుకే ఈ దిక్కు కూసున్నడు."

హరీష్ గట్టిగానే అడిగేశాడు: "అయన్ని నాకెందుకు? దీని తర్వాత ఇంకేమన్న ఉందా, లేదా? గదొక్కటి చెప్పుండ్రి."

"కూసో అన్నా, ఎందుకంత పరేషాన్? ఆటనే గదా" అన్నాడు సాయితేజ.

హరీష్ కూర్చోలేదు.

అమూల్య అతని ముఖం చూసి ఫోన్ ముందుకు జరిపింది. "ఇంకేమన్న ఉందో లేదో నాకు తెల్వదన్నా. కానీ ఒకటి చూడుండ్రి. రాత్రి నేను పట్టిన." ఆఖరి బొమ్మను ఆపి తెర వెలుగు పూర్తిగా పెంచింది. తెల్లటి మంచులో, వంతెన వెనకాల, చిన్న చిన్న ఎర్ర చుక్కలు వరసగా కనిపించాయి. "ఏందియి? మనం దారి పొడుగుత కట్టిన గుడ్డలు. గవి కనవడుతుంటే కాటయ్య దారి తప్పుతడా? ఎనకనే వస్తుండు."

"ఓరి నీ!" సాయితేజ తన ఫోన్ లాక్కున్నాడు. అతని మంచులోనూ చుక్కలున్నాయి. వెంకటన్న మంచులోనూ ఉన్నాయి. ముగ్గురూ ఒకేసారి హరీష్ వైపు తిరిగారు.

హరీష్ వెలుగు పెంచాడు. మంచు. ఇంకా పెంచాడు. మంచే. ఒక్క చుక్క లేదు.

"అన్న పిసినారి ఉన్నడు" అన్నాడు సాయితేజ. "ఒక్క గుడ్డ గూడ ఇడువలే."

"దినం ఒకటి కట్టిన" అన్నాడు హరీష్.

"మరి ఏడవొయినయి? సంచి తెరువు."

హరీష్ అప్పటిదాకా ఆ సంచి బొమ్మను నొక్కనే లేదు. నొక్కాడు. ఎర్రగుడ్డలు: 187.

"ఇగో! కట్టి కట్టి మళ్ల ఇప్పుకున్నవు."

"నేను గాదు."

"మరెవలు?"

"పొద్దుగాల మా తమ్ముడు ఆడతడు" అన్నాడు హరీష్. పటం తెరిచి వార్తాహరుణ్ని వెనక్కి తీసుకుపోయాడు. ఒక్కో మజిలీ చూస్తూ పోయాడు. ఎక్కడా గుడ్డ లేదు. గవ్వలగుట్ట అనే మజిలీ దాకా పోయాక కొమ్మకు ఎర్రగుడ్డ కనిపించింది. దాని వెనకాల ఇంకొకటి. అక్కడి నుంచి మొదటిదాకా అన్నీ ఉన్నాయి. గవ్వలగుట్ట దాటాక ఒక్కటీ లేదు.

నూట ఎనభై ఏడు పొద్దులుగా ఎవరో గుడ్డలు విప్పుకుంటున్నారు.

"తమ్ముడు ఆడతడంటివి గదా, ఆయన తీసి ఉంటడు" అంది అమూల్య.

"మా తమ్ముడు కట్టిన దారం ఇప్పడు చెల్లె" అన్నాడు హరీష్. "చేతులిరగ్గొట్టినా ఇప్పడు."

వాళ్లకు అర్థం కాలేదు. షట్టర్ కింద నుంచి వంగి బయటికొచ్చి, బస్టాండ్ గోడ పక్కన నిలబడి, పదిహేను నెలల్లో మొదటిసారి రాకేష్ నంబర్ నొక్కాడు.

ఆ నంబర్ వాడుకలో లేదని ఒక ఆడగొంతు చెప్పింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే గొంతు.

గద్వాల బస్సులో కిటికీ పక్కన కూర్చుని లెక్క వేశాడు. నూట ఎనభై ఏడు రోజులంటే ఆగస్టు మొదటివారం. ఆరునెలలుగా తను ప్రతి సాయంత్రం తమ్ముడు బాగున్నాడనుకుని నిద్రపోయాడు. ఆరునెలలుగా పొద్దున ఆడుతున్నది తమ్ముడు కాదు.

మరి తమ్ముడు ఎక్కడ?

---

ఆటలో మాట్లాడుకునే వీలు లేదు. కానీ వార్తాహరుడి పేరు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. పది పన్నెండు అక్షరాలు పడతాయి. సోమవారం సాయంత్రం హరీష్ పేరు మార్చాడు.

ఎవర్నువ్వు

మంగళవారం సాయంత్రం తెరిచాడు. చీటీ మీద పేరు మారి ఉంది.

ఇస్రాయేలు

ఆ పేరుగల మనిషి ఎవరూ అతనికి తెలియదు. అలాగే కూర్చున్నాడు. ఇంత సులువా? ఒక పేరు మార్చితే ఒక మాట పంపొచ్చు. మొదటి నెలలోనే 'రా' అని రాసి ఉండొచ్చు. రెండు అక్షరాలు కూడా కాదు, ఒక్కటే.

ఏ ఊరు

బుధవారం జవాబు వచ్చింది.

బల్మూర్

పుణె కాదు. ఇక్కడే. నాగర్‌కర్నూల్ దాటితే బల్మూర్. హరీష్ ఇక ఆగలేకపోయాడు.

రాకేష్ ఎక్కడ

గురువారం పేరు మారలేదు. శుక్రవారం మారలేదు. వార్తాహరుడు మాత్రం పొద్దున వంతెన మీద అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు నడిచినట్టు ఆట చూపించింది. అంటే అవతలి మనిషి తెరిచాడు. చదివాడు. జవాబు చెప్పలేదు.

శనివారం కూడా అదే పేరు. చెప్పదగిన జవాబైతే ఎవరైనా చెప్పేవారే.

ఆదివారం తెల్లవారుజామున హరీష్ గద్వాలలో మొదటి బస్సు ఎక్కాడు. వనపర్తిలో దిగి నాగర్‌కర్నూల్ బస్సు పట్టుకున్నాడు. అక్కడ ఇంకొకటి. దారి పొడుగునా పత్తి కట్టె పీకి కుప్పలు పెట్టిన చేన్లు. అతను వాటిని చూడలేదు. రాకేష్ లేడు అని ఎవరైనా చెబితే ముఖం ఎలా పెట్టుకోవాలన్నదే ఆలోచిస్తున్నాడు.

బల్మూర్‌లో దిగి ఒక కిరాణా షాపులో అడిగాడు.

"పుణెల కాలిరిగిన ఇస్రాయేలా? చర్చి ఎనక గల్లీ. వేపచెట్టు ఇల్లు. నువ్వెవలు, దోస్తువా?"

"ఆఁ" అన్నాడు హరీష్.

---

ఇంటి ముందు ఒక పెద్దావిడ చాటలో పల్లికాయ ఒలుస్తోంది. పేరు పెంటమ్మ. ఎవరని అడగకుండానే లోపలికి కేకేసింది: "ఇస్రాయేలూ, నీ సాయంత్రపాయన వచ్చినట్టుండు!"

మంచం మీది కుర్రాడికి ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లుంటాయి. కుడికాలి మోకాలి కింద పొడుగాటి కుట్ల మచ్చ. గోడకు ఒక చేతికర్ర ఆనించి ఉంది. దిండు పక్కన ఉన్న ఫోన్‌ను హరీష్ చూడగానే గుర్తుపట్టాడు. పగిలిన మూలకు నీలం టేపు. ఆ టేపు వేసింది తనే.

నిలబడే అడిగాడు: "రాకేష్ ఉన్నడా, లేడా?"

"ఉన్నడన్నా. ఉన్నడు. జర కూసో ముందుగాల."

హరీష్ మంచం అంచున కూలబడ్డాడు. పెంటమ్మ నీళ్లు తెచ్చి చేతిలో పెట్టింది. హరీష్ ఒక్క గుక్కలో తాగేశాడు.

"ఉన్నోడు ఉన్నడని రాయొచ్చు గదా? మూడు దినాలు సంపినవు నన్ను."

"ఎక్కడ అని అడిగినవు అన్నా. ఎక్కడో నాకు తెల్వది. తెల్వదని రాద్దమంటే నువ్వు ఇంకేమో అనుకుంటవని చేయి రాలే. ఉన్నడని రాయాలన్నది తట్టలే."

ఇస్రాయేలు మెల్లగా చెప్పాడు. పుణెలో రాకేష్, అతనూ ఒకే రేకుల గదిలో ఉండేవారు. జులై ఆఖర్లో ఇస్రాయేలు సెంట్రింగ్ మీది నుంచి పడ్డాడు. దవాఖానలో పదిరోజులు రాకేషే చూసుకున్నాడు. ఇంటికి పంపేటప్పుడు రైల్లో కూర్చోబెట్టి, తన ఫోన్ చేతిలో పెట్టాడు.

"నాది పడ్డప్పుడే పగిలిపాయె. సిమ్ తీసుకుని ఫోన్ నాకిచ్చిండు. 'మంచంల పడుంటవు, పొద్దు పోదు. పొద్దుగాల ఒక గంట ఈ ఆట ఆడు. సాయంత్రం మా అన్న ఆడతడు' అన్నడు. మాట్లాడొచ్చా అంటే, 'ఆయన మాట్లాడడు. ఆడతడు అంతే' అన్నడు."

"వాడేడికి పోయిండు?"

"హిమాచల్‌ల సొరంగం పని అని గుంపు పోతుంటే పోయిండు. అండ్ల సిగ్నల్ ఉండదంట. ఆదివారం మాత్రం కిందికి దిగుతరంట. రెండుసార్లు ఎవలదో ఫోన్ నుంచి చేసిండు. నా కాలు ఎట్లుందని అడిగిండు. మూడు నెలల నుంచి అది గూడ బంద్."

"నా గురించి?"

ఇస్రాయేలు తల దించుకున్నాడు. "'అన్న ఆడుతుండా?' అని అడిగిండు. ఆడుతుండని చెప్పిన. 'అయితే సరే' అని పెట్టేసిండు."

హరీష్ నవ్వాడు, కానీ అది నవ్వులా రాలేదు. "నన్ను నీ మీదికి తోసి వాడు పోయిండు. పొద్దుగాల వచ్చే పని తప్పించుకున్నడు. అప్పుడు గదే చేసిండు, ఇప్పుడు గదే చేసిండు."

"తోసేటోడైతే ఫోన్ అమ్ముకునేటోడు అన్నా. ఏడు వేలొస్తుండె. నువ్వు సాయంత్రం తెరిస్తే మనిషి లేనట్టు అనిపియ్యొద్దని నాకిచ్చిండు."

"వాడే ఆడొచ్చు గదా?"

"సిగ్నల్ లేదంటి గదా!"

"సిగ్నల్ ఉన్న ఊర్ల పని లేదా దేశంల?"

పోయిన ఆదివారం సాయితేజ షాపులో ముగ్గురు కాటయ్య గురించి కొట్లాడుకున్నట్టే, వీళ్లిద్దరూ రాకేష్ గురించి కొట్లాడుకున్నారు. మంచులో వదిలేశాడా, వెనకాల వస్తున్నాడా? తేల్చడానికి ఇద్దరి దగ్గరా ఏమీ లేదు.

హరీష్ అడిగాడు: "గుడ్డలెందుకు ఇప్పినవురా?"

ఇస్రాయేలు ఆశ్చర్యంగా చూశాడు. "ఇడిచిపెట్టినవి గదా అన్నా?"

"గుర్తుకు కట్టిన."

"నాకేం ఎరుక? పల్లిచేను పీకినంక మన్నుల ఇడిచిన కాయ ఏరుకునేటోనిదే గదా. మా అమ్మ నడక నేర్చినప్పటి నుంచి పరిగె ఏరిపిచ్చింది. మీద ఏదన్న కనవడితే చేయి ఆగదు. దినం నువ్వు ఒకటి ఇడిచిపోతుంటే, నా కోసమే ఇడుస్తుండు, మంచోడు అనుకున్న." కాస్త సిగ్గుపడి, "పొద్దుగాల లేవంగనే గదే చూసుకుంటుంటి, ఇయ్యాల ఏడ పెట్టిండో అని. దోస్తులు వారం దినాలు వచ్చిండ్రు, తర్వాత ఎవలు రాలే. నువ్వొక్కనివే దినం వచ్చినవు" అన్నాడు.

హరీష్‌కు తిట్టాలనిపించి తిట్టలేకపోయాడు. ఎర్ర దారం గురించి చెప్పాడు. దారం లేని కాయ మన కాయ కాదన్న తండ్రి మాట, నాలుగు దారాలకు రాకేష్ తిన్న దెబ్బ, అన్నీ చెప్పాడు. బయట నుంచి వింటున్న పెంటమ్మ, "అయ్యో, అంతపని చేసినవురా పోరడా!" అంది.

"ఒక్కటి గూడ పోలే అన్నా, అన్ని సంచిలనే ఉన్నయి. చూడు కావాల్నంటే." ఇస్రాయేలు ఆట తెరిచి లోపలికి వెళ్లాడు. వంతెన మీద 'రాకేష్ ఎక్కడ' అనే పేరుతో వార్తాహరుడు నిలబడి ఉన్నాడు. సంచి బొమ్మ మీదికి వేలు పోతుండగా తెర ఆగిపోయింది.

మీ ఖాతా వేరే ఫోన్‌లో తెరుచుకుంది. ఇక్కడ కొనసాగించాలా?

"నీది తీసినవా అన్నా?"

హరీష్ రెండు చేతులూ చూపించాడు. ఖాళీ. అంగీ జేబులోంచి ఫోన్ తీశాడు. తెర నల్లగా ఉంది.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఉన్నవి రెండు ఫోన్లు. రెండూ ఈ మంచం మీదే ఉన్నాయి.

మూడోది ఎవరిది?

"ఇయ్యాల ఆదివారం" అన్నాడు ఇస్రాయేలు, గొంతు తగ్గించి.

హరీష్ తన ఫోన్‌లో ఆట తెరిచాడు. లోపలికి పోలేదు. మొదటి తెర దగ్గరే ఆగి చీటీ చూశాడు. పేరు: రాకేష్ ఎక్కడ. చోటు: ఆఖరి వంతెన. సంచి బొమ్మ నొక్కాడు. ఎర్రగుడ్డలు: 187.

చూస్తుండగానే చోటు మారింది.

గవ్వలగుట్ట.

ఎక్కడైతే రాకేష్ ఆపేశాడో, ఎక్కడి నుంచి ఇస్రాయేలు మొదలుపెట్టాడో, సరిగ్గా అక్కడ. ఆ చోటు ఇంకెవరికీ తెలియదు.

186.

"ఏం చేస్తుండన్నా?"

"కడుతుండు" అన్నాడు హరీష్.

185. కాసేపటికి 184. పెంటమ్మ చాట పక్కన పెట్టి లోపలికొచ్చి, ఏం చూస్తున్నారో అర్థం కాకపోయినా నిలబడి చూసింది.

"లోపలికి పో అన్నా! నొక్కు! మళ్ల దొరకడు!"

హరీష్ బొటనవేలు తెర మీదికి పోయింది. నొక్కితే రాకేష్ బయటికి పడతాడు. వాడి ఫోన్‌లో, ఎక్కడో ఒక కొండ కింది టీకొట్టు దగ్గర, ఖాతా వేరే ఫోన్‌లో తెరుచుకుందని వస్తుంది. సగం కట్టిన గుడ్డ చేతిలోనే ఉండిపోతుంది. బజారు నడుమ ఒకసారి తను వాణ్ని అలాగే నెట్టేశాడు.

వేలు వెనక్కి తీసుకున్నాడు. ఫోన్‌ను మంచం మీద వెల్లకిలా పెట్టి, చేతులు మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాడు.

"వద్దు. పగలు వానిది."

పెంటమ్మ అన్నం పెట్టింది. హరీష్ ఫోన్ వంకే చూస్తూ తిన్నాడు. 180. 176. రెండు గంటలప్పుడు 171 దగ్గర ఆగింది. అరగంట చూశారు. కదల్లేదు. పేరు కూడా మారలేదు. 'రాకేష్ ఎక్కడ' అన్న పేరు అలాగే ఉంది. ఆ ప్రశ్నను చూసి కూడా వాడు జవాబు రాయలేదు.

"పోయిండు" అన్నాడు ఇస్రాయేలు. "ఇప్పుడన్న నొక్కు."

"నాలుగు కానీ."

"నీ బస్సు?"

"ఇంకోటి ఉంటది."

ఇస్రాయేలు గోడకు ఒరిగాడు. తర్వాత అడిగాడు: "అన్నా, కాటయ్య వచ్చిండంటవా, లేదా?"

"కుట్టుకుంటుండు" అన్నాడు హరీష్.

నాలుగయింది. హరీష్ లోపలికి వెళ్లాడు. గవ్వలగుట్ట దాటాక దారి పొడుగునా పదహారు కొమ్మలకు పదహారు గుడ్డలు. ఒక్కోటీ రెండు ముళ్లు వేసి కట్టినట్టు కనిపించింది, అది తన భ్రమే కావచ్చు. ఆఖరి గుడ్డ దాటి ఒక మజిలీ నడిచి, సంచిలోంచి ఒకటి తీసి కొమ్మకు కట్టాడు. ఆట మూసేశాడు.

"గంతేనా? ఇంకా ఎన్ని ఉన్నయి గదా, అన్ని కట్టెయ్యరాదు?"

"నూటడెబ్బై ఉన్నయి" అన్నాడు హరీష్ లేచి చెప్పులు తొడుక్కుంటూ. "దినానికి ఒకటి."